“అన్నా, నాకొస్తాదంటావా?” – ఆనర్స్ నడిపే కాలేజీల పెద్దలకు ఒక నెట్ సెంటర్ నుంచి బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిగ్రీ నాలుగో ఏడు ఆనర్స్ నడుపుతున్న, నడపబోతున్న కాలేజీల ప్రిన్సిపాల్ గార్లకు, డిపార్ట్‌మెంట్ హెడ్‌లకు, ఆ పైనున్న విశ్వవిద్యాలయాల పెద్దలకు నమస్కారం.

నేను ప్రొఫెసర్ని కాను, విద్యార్థి సంఘం నాయకుణ్ణి కూడా కాను. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర్లో పదహారేళ్లుగా నెట్ సెంటర్ నడుపుకుంటున్నాను. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఒక జిరాక్స్ మిషను, లామినేషన్. డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్ ఫారాలు, వెబ్ ఆప్షన్లు, పీజీ ప్రవేశానికి పీజీసెట్, బీఈడీకి ఎడ్‌సెట్, స్కాలర్‌షిప్ రెన్యువల్, కుల ధ్రువీకరణ స్కానింగు అన్నీ నా బల్ల మీదుగానే వెళ్తాయి. పాలకొండ, రాజాం, పాతపట్నం బస్సులు దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చే పిల్లలున్నారు. ఓటీపీ వచ్చేలోపు, సర్వర్ తిరుగుతున్నంతసేపు ప్రతి ఒక్కరూ నన్ను అడిగే మాట ఒక్కటే. “అన్నా, నాకొస్తాదంటావా?”

ఇంజనీరింగు పిల్లలు అడిగితే నేను తడుముకోను. ఈఏపీసెట్‌లో ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి చివరి ర్యాంకు ఎంత దగ్గర ఆగిందో గత ఏళ్ల జాబితాలు ఉంటాయి. పీడీఎఫ్ తెరుస్తాను, ర్యాంకు చూస్తాను, “ఇది వస్తుంది, ఇది కష్టం, ఇది ఆశగా పైన పెట్టు” అని చెబుతాను. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లకయితే రౌండ్ల వారీగా మొదటి ర్యాంకు, చివరి ర్యాంకు రెండూ ఇస్తారు. ఢిల్లీ యూనివర్సిటీలో ఆనర్స్ చదువుతానని ఈ మధ్య ఏడాదికి ఇద్దరు ముగ్గురు వస్తున్నారు. అక్కడ 2021లో కొన్ని కోర్సులకు కటాఫ్ నూటికి నూరు దాకా వెళ్లింది. 2022 నుంచి దేశమంతటికీ కలిపి పెట్టే సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష మార్కులతో తీసుకుంటున్నారు. ఒక్కో రౌండు అయ్యాక ఏ కాలేజీలో, ఏ కోర్సుకి, ఏ కేటగిరీకి ఎంత స్కోరు దగ్గర సీటు ఆగిందో బయటపెడతారు. ఆమదాలవలసలో రైలెక్కితే రోజున్నర దూరంలో ఉన్న కాలేజీలో సీటు వస్తుందో రాదో నేను ఇక్కడ కూర్చుని దాదాపుగా చెప్పగలను.

మన ఊళ్లో, నడిచి వెళ్లే దూరంలో ఉన్న కాలేజీలో నాలుగో ఏడు ఆనర్స్ విత్ రీసెర్చ్‌లో, అంటే పరిశోధనతో కలిపి చేసే ఆనర్స్‌లో, సీటు వస్తుందా అని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఈ ఉత్తరం అందుకే.

మొన్న పొందూరు వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. 2023-24లో మన రాష్ట్రంలో ఒకే సబ్జెక్టును ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ పద్ధతి వచ్చినప్పుడు డిగ్రీలో చేరిన బ్యాచ్ ఆమెది. ఆరు సెమిస్టర్లు కలిపి సీజీపీఏ, అంటే పదికి సగటు గ్రేడు, 7.8. ఒక కాగితం మీద పెన్సిలుతో లెక్క వేసుకుని తెచ్చుకుంది. ఒక పక్క 78 శాతం అని, ఇంకో పక్క 73 శాతం అని రాసి ఉంది. సీనియర్ ఒకడు పదితో గుణించమన్నాడట. ఇంకో కాలేజీలో చదివే వాళ్ల మావయ్య కొడుకు ముందు అర పాయింటు తీసేసి, ఆ తర్వాతే పదితో గుణించాలన్నాడట. ఈ రెండు లెక్కలూ ఏదో ఒక యూనివర్సిటీలో వాడేవే కాబట్టి ఇద్దరిదీ తప్పు కాదు. కానీ రీసెర్చ్ ఆనర్స్‌కి అర్హత గీత 75 శాతం దగ్గర ఉంది. ఒక లెక్కలో ఆమె గీత దాటింది, రెండో లెక్కలో దాటలేదు. ఆఫీసులో అడిగితే “నోటిఫికేషన్ వచ్చినప్పుడు చూద్దాంలే” అన్నారట. వెంట వాళ్లమ్మ కూడా వచ్చింది. “బావూ, మా గుంటకి ఏటి రాసున్నాదో నువ్వయినా సెప్పు” అంది నాతో. రాసింది దేవుడు కాదమ్మా, ఒక గుమాస్తా రాయాల్సిన కాగితం ఇంకా రాయలేదు అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ప్రింటవుట్‌కి డబ్బులు తీసుకోలేదు, అంతే.

ఆ రాత్రి షాపు మూశాక, యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2022 డిసెంబరులో తెచ్చిన డిగ్రీ కరికులం, క్రెడిట్ల పత్రం డౌన్‌లోడ్ చేసి చదివాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, రెండుసార్లు చదవాల్సి వచ్చింది. అందులోని కొన్ని ముక్కలు మా పిల్లలకు ఎవరూ సరిగ్గా చెప్పలేదనిపించింది. క్రెడిట్లంటే పాసైన పేపర్లకు జమయ్యే పాయింట్లు. మూడేళ్లకు 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. మూడేళ్లకు డిగ్రీ తీసుకుని వెళ్లిపోవచ్చు, ఉంటే ఆనర్స్. అయితే ఆనర్స్ రెండు రకాలు. ఒకటి మామూలు ఆనర్స్, రెండోది ఆనర్స్ విత్ రీసెర్చ్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలన్న షరతు ఈ రెండోదానికే. అందులో 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేయాలి. పరిశోధన వద్దనుకున్నవాళ్లు దాని బదులు మూడు పేపర్లు చదువుకోవచ్చు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది 75 లేకపోతే ఆనర్సే లేదనుకుంటున్నారు. 70 శాతం తెచ్చుకున్న కుర్రాళ్లు అప్లికేషన్ కూడా అడగకుండా వెనక్కి వెళ్లిపోతున్నారు. వాళ్లను ఎవరూ తీసేయలేదు, వాళ్లంతట వాళ్లే తప్పుకున్నారు. ఇలా తప్పుకున్నవాళ్ల లెక్క ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

ఇంకో ముక్క చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఆనర్స్ విత్ రీసెర్చ్ పెట్టాలంటే ఆ డిపార్ట్‌మెంటులో పీహెచ్‌డీ గైడుగా గుర్తింపు ఉన్న పర్మినెంట్ అధ్యాపకులు కనీసం ఇద్దరు ఉండాలి. లైబ్రరీ, జర్నల్స్, ల్యాబ్ సంగతి ఆ తర్వాత. డాక్టరేట్ ఉండటం వేరు, గైడ్‌షిప్ ఉండటం వేరు. పర్మినెంట్ అవడం వేరు, పదేళ్లుగా గెస్టుగానో కాంట్రాక్టు మీదో పాఠాలు చెప్పడం వేరు. మన రెండు జిల్లాల డిగ్రీ కాలేజీల స్టాఫ్ రూముల్లో ఎవరు ఏ లెక్కలో ఉన్నారో నా కన్నా మీకే బాగా తెలుసు.

నిద్ర పట్టకపోవడానికి కారణం నా దగ్గరికి వచ్చే టెక్కలి కుర్రాడు ఒకడు. సీజీపీఏ 8.6. ఏ లెక్కన చూసినా 75 దాటతాడు. “వీడికి రాకపోతే ఇంకెవడికొస్తాది” అని క్లాసంతా అనుకుంటున్నారు. అతనూ అదే ధీమాతో పీజీసెట్‌కి అప్లై చేయలేదు, ఎడ్‌సెట్ కూడా వద్దన్నాడు. మర్నాడు ఫోన్ చేసి మీ డిపార్ట్‌మెంటులో గైడ్లు ఎంతమంది అని అడిగాను. “గైడ్లంటే?” అన్నాడు. కనుక్కొమ్మన్నాను. రెండు రోజులు తిరిగి కనుక్కున్నాడు. ఒక్కరే ఉన్నారట, ఆయన కూడా త్వరలో రిటైరవుతారట. అంటే ఆ కాలేజీలో, ఆ సబ్జెక్టులో రీసెర్చ్ ఆనర్స్‌కి అతని అవకాశం సున్నా. 8.6 ఉన్నా సున్నాయే, 9.6 ఉన్నా సున్నాయే. మూడేళ్లు పడ్డ కష్టానికీ దీనికీ సంబంధం లేదు. ఆ సంగతి మొదటి ఏడాదే గోడ మీద అంటించి ఉంటే అతను ఎచ్చెర్ల యూనివర్సిటీ వైపు చూసేవాడో, విశాఖ వైపు చూసేవాడో, పీజీసెట్ పుస్తకం కొనుక్కునేవాడో. ఏదో ఒక దారి పట్టేవాడు.

ఇది చెప్పినందుకు ఏ కాలేజీనీ తప్పుపట్టడం లేదు. పోస్టులు నింపడం ప్రిన్సిపాల్ చేతిలో లేదని తెలుసు. ఉన్నది ఉన్నట్టు ముందే చెప్పడం మాత్రం ప్రిన్సిపాల్ చేతిలోనే ఉంది.

ఇంత పట్టుబట్టి రాయడానికి నా సొంత కారణం ఒకటి ఉంది. నేనూ ఈ ఊళ్లోనే బీఎస్సీ ఎంపీసీ చదివాను. 2004లో పీజీ ఎంట్రన్స్ రాశాను, మ్యాథ్స్‌లో 412వ ర్యాంకు వచ్చింది. సీటు వస్తుందా అని ఒక ఆఫీసులో అడిగాను. కౌంటర్ వెనకున్నాయన కళ్లజోడు మీదనుంచి చూసి, “మూడొందలు దాటితే రాదు నాయనా, ఛార్జీలు దండగ” అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, నా డబ్బు మిగలాలనే అన్నాడు. కౌన్సెలింగ్‌కి డీడీ తీయాలి, విశాఖ వెళ్లి రావాలి, ఆ రోజుల్లో మా ఇంట్లో అది చిన్న ఖర్చు కాదు. వెళ్లలేదు. రెండు నెలల తర్వాత బంధువుల పెళ్లిలో పక్క ఊరి కుర్రాడు కలిశాడు. ఎంఎస్సీ మ్యాథ్స్‌లో చేరానన్నాడు. ర్యాంకు ఎంత అంటే 560 పైన అన్నాడు. ముందు ర్యాంకుల వాళ్లు చాలామంది ఆ రోజు రానేలేదట. కొందరు బీఈడీకి పోయారు, కొందరు వేరే యూనివర్సిటీలో చేరారు. పెళ్లి భోజనంలో అరిటాకు ముందు కూర్చుని ఆ మాట విన్నాను. ఏం తిన్నానో గుర్తు లేదు.

అప్పటినుంచి ఎవరితోనూ “రాదు” అనను. కానీ ఊరికే “వస్తుందిలే” అని కూడా అనలేను కదా. మధ్యలో నిలబడి ఏదో ఒక లెక్క చెప్పాలి. లెక్కకు అంకెలు కావాలి, అంకెలు మీ దగ్గర ఉన్నాయి.

నేను ఇప్పుడు ఎలా లెక్క వేస్తున్నానో చెబుతాను. తప్పుంటే దిద్దండి. పాడైన ప్రింటవుట్ వెనక్కి తిప్పి పిల్లల చేత రాయిస్తాను. ముందు గీత దాటావా, ఏ లెక్కన? అది తేలకపోతే ఆగిపోతాం. తేలితే, మీ డిపార్ట్‌మెంటులో ఈ కోర్సు నడుపుతారా, గైడ్లు ఎంతమంది, ఒక్కొక్కరు ఎంతమంది పిల్లల్ని తీసుకుంటారు? ఇక్కడ పెన్ను ఆగుతుంది. ఆగినచోట ఖాళీ వదిలి మూడో ప్రశ్నకు వెళ్తాం. మీ క్లాసులో నీకన్నా ముందున్నవాళ్లు ఎంతమంది, వాళ్లలో నాలుగో ఏడు ఉండేవాళ్లు ఎంతమంది?

ఈ మూడో ప్రశ్న దగ్గర పిల్లలకు ఉత్సాహం వస్తుంది. అంతవరకు తాము క్లాసులో పదిహేనో వాళ్లమనే బాధలో ఉంటారు. పేర్లు ఒక్కొక్కటే తీస్తుంటే తేడా తెలుస్తుంది. ఫస్టొచ్చిన అమ్మాయి బీఈడీకి వెళ్తానంటోంది. రెండో అతను గ్రూప్-2 కోచింగ్‌కి విశాఖలో రూమ్ తీసుకున్నాడు. మూడో అతనికి ఆర్మీలో సెలక్షన్ అయింది, శ్రీకాకుళంలో ఇది కొత్త మాట కాదు. నాలుగో అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. ఐదో ఆమె హైదరాబాద్‌లో వాళ్ల అక్క దగ్గరికి వెళ్లి ఉద్యోగం చూసుకుంటుందట. అలా కొట్టేసుకుంటూ పోతే పదిహేనోవాడు లైనులో ఆరోవాడు అవుతాడు. క్లాసులో ర్యాంకూ లైనులో స్థానమూ ఒకటి కాదు. నాకిది 2004లో తెలియదు. కౌంటర్ వెనకాయనకీ తెలియదు, ఆయన ర్యాంకునే చూశాడు.

కానీ ఆరోవాడైతే మాత్రం ఏం లాభం, సీట్లు నాలుగా పన్నెండా తెలియనప్పుడు? మళ్లీ ఆ ఖాళీ దగ్గరికే వస్తాం. నా బల్ల సొరుగులో అలాంటి ఖాళీలున్న కాగితాలు ముప్పై దాకా పోగయ్యాయి.

నాలుగో ఏడు ఉండాలా వద్దా అన్నది ఒక్క సీటు విషయం కాదు, ఇంటి విషయం. తల్లిదండ్రులు నన్ను అడిగేది చాలావరకు ఇదే. మూడేళ్ల డిగ్రీ తర్వాత రెండేళ్ల పీజీ అయినా, నాలుగేళ్ల ఆనర్స్ తర్వాత ఏడాది పీజీ అయినా మొత్తం ఐదేళ్లే. మరి నాలుగో ఏడు ఎందుకు? పీహెచ్‌డీ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఎందుకో నేను చెప్పగలను. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీ లేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగ విద్యార్థులకు అందులో 5 శాతం సడలింపు ఉంది. 2024 నుంచి నాలుగేళ్ల డిగ్రీలో ఆ మార్కులున్నవాళ్లను, పీహెచ్‌డీ ప్రవేశానికి, పరిశోధన ఫెలోషిప్‌కి పెట్టే యూజీసీ నెట్ పరీక్ష కూడా రాయనిస్తున్నారు. ఇచ్ఛాపురం నుంచి బొబ్బిలి దాకా ఎన్ని ఇళ్లలో ఈ సంగతి తెలుసు? పరిశోధన అంటే ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఉన్నవాళ్ల వ్యవహారం అనుకునేవాళ్లే ఎక్కువ. ఆ మాటకొస్తే ఉద్దానంలో కిడ్నీ జబ్బుల మీద ఇన్నేళ్లుగా ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి పరిశోధన చేస్తున్నారు. కవిటి, సోంపేట పిల్లలు ఇక్కడి కాలేజీల్లో కెమిస్ట్రీ చదువుతున్నారు. తమ ఊరి బావి నీళ్లు సీసాలో పట్టి తెచ్చుకుని ఏడాది పాటు పరీక్షించి చూడాలన్న ఆశ వాళ్లకు ఉండదా?

అవతలి పక్క కూడా చెప్పాలి. ఉద్యోగమే కావాల్సిన పిల్లవాడు నాలుగో ఏడు ఉంటే బస్ పాసు, భోజనం, రూమ్ అద్దె ఇంకో ఏడాది. ఆ ఏడాదికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎంతవరకు వర్తిస్తుందో కూడా వాళ్లకు ముందే చెప్పాలి. “సీటొస్తాదా” అన్న ప్రశ్న వెనక “వస్తే చేరగలమా” అన్న ప్రశ్న ఉంటుంది. మొదటిదానికి జవాబు త్వరగా తెలిస్తే రెండోదాని గురించి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికి టైం దొరుకుతుంది. జూన్‌లో ఒక శుక్రవారం సాయంత్రం నోటీసు పెట్టి, సోమవారం లోపు ఫీజు కట్టమంటే ఆ మాటలన్నీ నా షాపులో, ప్రింటర్ చప్పుడులో, ఫోన్ స్పీకర్ పెట్టి జరుగుతున్నాయి. పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో ఉన్న తండ్రి, “ఇప్పుడు సెప్తే ఎలగరా?” అని అటునుంచి అరుస్తుంటే ఇటు కుర్రాడు తల దించుకుని నిలబడటం నేను ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను.

అందుకే నేను అడిగేది ఒక్కటే. ఒక నోటీసు. ఇప్పుడున్న బ్యాచ్‌కి ఏడో సెమిస్టర్ మొదలవకముందే, రాబోయే బ్యాచ్‌లకైతే ఐదో సెమిస్టర్ మొదలవగానే పెట్టండి. దాని ప్రకారం ఒక పిల్లవాడు ఇంకో రెండు సెమిస్టర్లలో మార్కులు పెంచుకోవాలా, వేరే దారి చూసుకోవాలా అన్నది తేల్చుకుంటాడు. అందులో సీజీపీఏని శాతంగా మార్చే లెక్క ఒక ఉదాహరణతో ఉండాలి. 7.8 ఉంటే ఎంత అవుతుందో అంకెలో రాయండి, సూత్రం రాసి వదిలేయకండి. ఆరు సెమిస్టర్ల మార్కుల్లో సప్లీ రాసి పాసైన పేపరును ఎలా చూస్తారో, ఒక సెమిస్టర్ మొత్తం చేసిన ఇంటర్న్‌షిప్ మార్కులు కలుస్తాయో లేదో చెప్పండి. ఏ డిపార్ట్‌మెంటులో ఆనర్స్ ఉంది, ఏ డిపార్ట్‌మెంటులో రీసెర్చ్‌తో ఉంది, గైడ్లు ఎంతమంది, సీట్లు ఎన్ని, గీత దాటినవాళ్లు సీట్ల కన్నా ఎక్కువైతే దేన్నిబట్టి ఎంచుతారు. రిజర్వేషన్ ఎలా, ఫీజు ఎంత. రీసెర్చ్ నడపలేని డిపార్ట్‌మెంటులో చదివే పిల్లలు ఆ ఏడాదికి వేరే కాలేజీకి వెళ్లవచ్చా, వెళ్తే క్రెడిట్లు ఎలా వెళ్తాయి. ఏబీసీ ఐడీ పేరుతో క్రెడిట్ల బ్యాంకు ఖాతాలు మూడేళ్ల కింద మేమే, ఈ నెట్ సెంటర్లవాళ్లమే, వందల మందికి తెరిచాం. అది ఎందుకో ఇప్పటికీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఒక బ్యాచ్ అయ్యాక ఇంకో నాలుగు అంకెలు కలపండి. ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందిని తీసుకున్నారు, చివరగా తీసుకున్నవాళ్ల సీజీపీఏ ఎంత, చేరి మధ్యలో మానేసినవాళ్లు ఎంతమంది. పేర్లు వద్దు, అంకెలు చాలు.

ఈ నోటీసు తెలుగులో కూడా ఉండాలి. గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట ఇక్కడికి ఎంతో దూరం లేదు. జనం మాట్లాడే భాషలో రాయాలని జీవితమంతా పోరాడిన మనిషి. ఏటా ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండ వేసి మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆ సభకు రమ్మని పిలిచే సర్క్యులర్ ఇంగ్లీషులో రావడం నేను చూశాను, దాన్ని నా దగ్గరే జిరాక్స్ తీయించారు. నవ్వు వచ్చింది కానీ రూపాయి తీసుకుని జిరాక్స్ ఇచ్చాను.

నాకు తెలిసిన ఒక లెక్చరర్ గారితో ఈ మాటంతా చెబితే ఆయన మూడు అభ్యంతరాలు చెప్పారు. మంచి మనిషి, నా మీద కోపంతో చెప్పలేదు. మొదటిది, ఇది కొత్త పద్ధతిలో మొదటి బ్యాచ్, పాత అంకెలు ఎక్కడివి అన్నారు. పాత అంకెలు లేకపోతే పోనీ, గైడ్ల సంఖ్య కొత్తది కాదుగా. అది స్టాఫ్ రూములో కుర్చీలు లెక్కపెడితే తెలుస్తుంది. రెండోది, ముందే సీట్లు చెబితే రికమండేషన్లు మొదలవుతాయన్నారు. అయ్యా, చెప్పకపోతేనే మొదలవుతాయి. ఎన్ని సీట్లున్నాయో ఎవరికీ తెలియనిచోటే “నేను మాట్లాడతాలే” అనేవాడికి గిరాకీ. నా షాపు ముందు అలాంటివాళ్లు ఇద్దరు రోజూ టీ తాగుతారు. ఈఏపీసెట్ సీట్ల దగ్గరికి మాత్రం వాళ్లు రారు, చివరి ర్యాంకు అందరికీ తెలుసు కాబట్టి. మూడోది, అన్నీ వెబ్‌సైట్లో ఉంటాయన్నారు. ఉండవచ్చు. నేను రోజంతా వెబ్‌సైట్ల ముందే కూర్చునేవాణ్ణి. నాకే దొరకనిది రాజాం నుంచి పొద్దున్న ఆరు గంటల బస్సు పట్టుకుని వచ్చే పిల్లకు ఎలా దొరుకుతుంది?

సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టమని ఒకాయన నాకు సలహా ఇచ్చాడు. పెట్టవచ్చు. కానీ 2005 నాటి ఆ చట్టంలోనే నాలుగో సెక్షన్ ఉంది. ప్రభుత్వ సంస్థలు ఎవరూ అడగకముందే తమంతట తాము కొన్ని వివరాలు బయటపెట్టాలని అందులో ఉంది. ఒక కుర్రాడు తన కాలేజీలో తన సబ్జెక్టుకు ఎన్ని సీట్లున్నాయో తెలుసుకోవడానికి పది రూపాయల ఫీజు కట్టి ముప్పై రోజులు ఎదురుచూడటం నాకు సబబుగా తోచలేదు. ముప్పై రోజుల్లో అడ్మిషన్ గడువే అయిపోతుంది.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర మా బావమరిది కూడా నాలాగే షాపు నడుపుతాడు. వాడిని అడిగితే అక్కడా ఇదే కథ అన్నాడు. వాడి దగ్గరికి రిటైరైన మాస్టారు ఒకాయన పెన్షన్ పని మీద వస్తుంటారు. వెనకటి కాలంలో ఆంధ్రా యూనివర్సిటీలో ఆనర్స్ చదివిన వాళ్లంటే ఎంత గౌరవం ఉండేదో ఆయన కథలు కథలుగా చెబుతారట. “మా రోజుల్లో ఆనర్స్ అంటే ఊరంతా చెప్పుకునేవారు. ఇప్పుడు కాలేజీలోనే చెప్పట్లేదా?” అన్నారట. ఆ మాట బావమరిది ఫోన్లో చెబితే ఇద్దరం నవ్వుకున్నాం.

మీలో ఎవరైనా ఈ పాటికే ఇలాంటి నోటీసు పెట్టి ఉంటే, ఈ ఉత్తరం మీకు కాదు. మన్నించండి, దాని ఫోటో మాత్రం పంపండి. పెట్టనివారు పెడితే, చదవడానికి వీలుగా పెద్ద అక్షరాల్లో టైపు చేసి ఇచ్చే పని నాది. డబ్బు తీసుకోను. తెలుగులోకి మార్చాలన్నా కూర్చుంటాను, తప్పులు మీరు దిద్దుదురుగాని.

పొందూరు అమ్మాయి వచ్చే సోమవారం మళ్లీ వస్తానంది. పీజీసెట్ ఫారం సగం నింపి సేవ్ చేసి పెట్టాం, ఫీజు ఇంకా కట్టలేదు. టెక్కలి కుర్రాడు రోజూ సాయంత్రం ఒక మెసేజ్ పెడుతున్నాడు, “ఏటన్నా, ఏటయినా తెలిసిందా?” అని. నా షాపు అద్దం తలుపు మీద పాన్ కార్డు రేట్లు, పాస్‌పోర్టు ఫోటో రేట్లు అంటించి ఉంటాయి. నిన్న వాటిని కుడి పక్కకు జరిపాను. ఎడమ పక్కన ఒక ఏ4 కాగితం పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

ఇట్లు,
శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర నెట్ సెంటర్ నడుపుకునేవాడు